హమ్ తగ్గించే 115-0-115 పెట్టె: తక్కువ ఖర్చులో కట్టుకునే పద్ధతి

స్పీకర్లో ఆగకుండా గుర్‌మని వచ్చే మోతనే హమ్ అంటారు. దాన్ని తగ్గించడానికి గోడ కరెంటుకీ ఆడియో సామానుకీ మధ్య పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె గురించి ఇది. పెట్టె సంగతి తర్వాత, ముందు మీ ఇంటి ఎర్త్ చూడండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టేజీలో పెద్ద రేంజికి పెట్టి, సాకెట్లో ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలవండి. మొదటి రెండూ దాదాపు ఒకటే రావాలి. మూడోది రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిందే. ఆ తర్వాత సెట్‌టాప్ బాక్స్ కేబుల్ పీకి చూడండి. హమ్ అక్కడే ఆగిపోతే ఈ పెట్టె మీకు అక్కర్లేదు, డబ్బు మిగిలినట్టే. ఇంకో మాట: హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. అది ప్రాణాలతో చెలగాటం.

మామూలు కరెంటులో ఫేజ్ 230 వోల్టులు, న్యూట్రల్ ఇంచుమించు సున్నా. చాలా డాక్‌లు (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరాలు), యాంప్లిఫయర్ల లోపల ఫిల్టర్ కెపాసిటర్లు రెండుంటాయి. ఒకటి ఫేజ్ నుంచి బాడీకి, ఇంకోటి న్యూట్రల్ నుంచి బాడీకి. 4.7 నానోఫారడ్ కెపాసిటరైతే దాని గుండా మిల్లీ యాంపులో మూడో వంతు కరెంటు బాడీకి చేరుతుంది. అందులో కొంత ఎర్త్ వైరులోకి, కొంత పరికరాల్ని కలిపే ఆర్‌సీఏ కేబుల్ షీల్డులోకి (తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికలోకి) పోతుంది. షీల్డులో పడే ఆ చిన్న వోల్టేజీయే స్పీకర్లో గుర్‌మంటుంది. రెండు పిన్నుల ప్లగ్గున్న యాంప్లిఫయర్ మీద చెయ్యేస్తే జివ్వుమనేదీ ఇలాంటి లీకేజీ వల్లే. అదే ఈ పెట్టె ఇచ్చే 115-0-115 కరెంటులో రెండు తీగలూ ఎర్త్ నుంచి 115 వోల్టుల చొప్పున, ఒకటి పైకెళ్తుంటే ఇంకోటి కిందికి వెళ్తూ ఉంటాయి. రెండు కెపాసిటర్ల కరెంట్లూ బాడీ దగ్గరే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

అసలు ఖర్చంతా ట్రాన్స్‌ఫార్మర్‌దే. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, వేరే ఊళ్లలో స్టెబిలైజర్లు బాగుచేసే వైండింగ్ షాపుకి వెళ్లండి. నేను చుట్టించినప్పుడు షాపాయన "స్టెబిలైజరా మాస్టారూ?" అన్నాడు. కాదు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (లోపలికొచ్చే తీగలకీ బయటికెళ్లే తీగలకీ నేరుగా కలయిక లేనిది) అని చెప్పి కాగితం మీద ఇలా రాసిచ్చాను: 500 వీఏ, ప్రైమరీ 230, సెకండరీ 115-0-115, ఫుల్ కాపర్, మధ్యలో షీల్డు. 500 వీఏ అంటే అది మోయగల లోడు. ప్రైమరీ అంటే కరెంటు లోపలికొచ్చే చుట్ట, సెకండరీ అంటే బయటికిచ్చే చుట్ట, దాని నడిమి తీగే సెంటర్ ట్యాప్. ఫుల్ కాపర్ అని నొక్కి చెప్పకపోతే అల్యూమినియం తీగ చుట్టేసే అవకాశం ఉంది. సెకండరీ రెండు సగాలకీ రెండు తీగలు పక్కపక్కన కలిపి చుట్టమనండి, అప్పుడు సగాలు సరిసమానంగా వస్తాయి. షీల్డంటే ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఒక్క చుట్టు రాగి రేకు. దాని రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఇన్సులేషన్ కాగితం ఉండాలి. తగిలితే షార్టయిన చుట్టు అయిపోయి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఇంకొకటి, వోల్టుకి చుట్లు మామూలుకంటే కాస్త ఎక్కువ వెయ్యమనండి. కోర్ చల్లగా, చప్పుడు లేకుండా పనిచేస్తుంది, స్విచ్ వేసినప్పుడు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను ఆఫయ్యే స్విచ్చు) పడిపోయే అవకాశమూ తగ్గుతుంది.

అమెరికా నుంచి వచ్చిన మిక్సీల కోసం కొన్న 230-110 స్టెప్ డౌన్‌లు కొందరి ఇళ్లలో రెండేసి ఉంటాయి. ఒకేలాంటివి రెండు దొరికితే ప్రైమరీలు ప్యారలల్, సెకండరీలు సిరీస్ కలిపి వాడుకోవచ్చు. కాని వాటిల్లో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే రెండు వైపులకీ ఒకే చుట్ట ఉన్నవి. ఈ పనికి అవి బొత్తిగా పనికిరావు. ప్లగ్ పీకేసి, ఎర్త్‌వి కాకుండా మిగతా ఇన్‌పుట్ పిన్నుకీ అవుట్‌పుట్ రంధ్రానికీ మధ్య ఓమ్స్ కొలవండి. మీటర్ ఏమాత్రం కదిలినా దాన్ని పక్కన పెట్టెయ్యండి. సిరీస్ కలిపాక చివరల మధ్య 220 రాకుండా సున్నా దగ్గర చూపిస్తే ఒక సెకండరీ తీగలు తిరగెయ్యాలి.

వైరింగ్‌లో వరుస ముఖ్యం. గోడ నుంచి వచ్చే కరెంటు ముందు 6 యాంపుల సీ కర్వ్ (ఆన్ చేయగానే వచ్చే కరెంటు ఊపుని తట్టుకునే రకం), డబుల్ పోల్ (రెండు తీగల్నీ తెంచే) ఎంసీబీకి, అక్కణ్ణుంచి ప్రైమరీకి వెళ్లాలి. గోడ ఎర్త్‌ని ఇనుప పెట్టెకి ఒకే బోల్టు దగ్గర బిగించండి. సెంటర్ ట్యాప్, షీల్డు, అవుట్‌పుట్ సాకెట్ల ఎర్త్ కూడా ఆ బోల్టుకే. సెకండరీ చివరలు రెండూ 2 యాంపుల డబుల్ పోల్ ఎంసీబీ గుండా, తర్వాత 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే తెంచేసే స్విచ్చు) గుండా సాకెట్లకి వెళ్లాలి. సెంటర్ ట్యాప్ ఎర్త్‌కి తగిలేది ఆ ఒక్క బోల్టు దగ్గరే, ఇంకెక్కడా తగలకూడదు. ఇంటి మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందిగా అనుకోవద్దు, ట్రాన్స్‌ఫార్మర్ అవతల జరిగేది దానికి తెలియదు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో 647వ ఆర్టికల్ కూడా ఇలాంటి సప్లైకి ఈ రక్షణ ఉండి తీరాలంటుంది. సింగిల్ పోల్ స్విచ్ వద్దేవద్దు, ఆఫ్ చేసినా ఒక తీగలో 115 వోల్టులు ఉండిపోతాయి. స్విచ్చున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించడం కూడా అందుకే మానండి. ఎంత చేయి తిరిగినవాళ్లయినా, మొదటిసారి ఆన్ చేసేముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

మొదటి పవర్ సీరీస్ బల్బు గుండా, అంటే ప్రైమరీకి వెళ్లే ఫేజ్ తీగ మధ్యలో బల్బు పెట్టి ఇవ్వండి, 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు చాలు. అది మినుకుమంటే సరే, పూర్తిగా వెలిగితే ఎక్కడో షార్టు. తర్వాత బల్బు తీసేసి నేరుగా పవర్ ఇచ్చి కొలవండి. రెండు తీగల మధ్య 230కి కాస్త ఎక్కువ, ఒక్కో తీగకీ ఎర్త్‌కీ మధ్య అందులో సగం రావాలి. ఆర్‌సీసీబీ మీద టీ (టెస్ట్) బటన్ నొక్కితే అది పడాలి. సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది, కాబట్టి పెట్టె మీద "రెండూ లైవే" అని పెద్దక్షరాలతో రాసిపెట్టండి.

నాకు మొత్తం ఆరేడు వేలయింది. దీని మీద డాక్, ఫోనో స్టేజ్ (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని పెంచేది), చిన్న ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ నడుస్తాయి. టర్న్‌టేబుల్ పక్కనే పెడితే కార్ట్‌రిడ్జ్ (రికార్డు మీద ఆనే ముల్లుండే భాగం) కొత్త హమ్‌ని పట్టుకుంటుంది, కనీసం మీటరు దూరం ఉంచండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మెదలా రొద పెడుతుంది, వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరైతే ఇబ్బంది లేదు.