వడ్ల కాంటాలు మొదలయ్యేలోపు రిలీజ్ రావాలంటే

మిర్యాలగూడలో మేం కొంతమందిమి కలిసి చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగే) ప్రోగ్రాం ఒకటి నడుపుతున్నాం. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ, సంచులు, తూకం రాసుకుని రైతుకు చీటీ తీసి ఇవ్వడం దాని పని. కొత్తగా ప్రాజెక్టు పెట్టిన పిల్లలు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: రిలీజ్, అంటే కొత్త వెర్షన్ విడుదల, ఎప్పుడు చేయాలి, అందులో ఏమేం పెట్టాలి? ముందు తేదీ ఖాయం చేయండి. ఆ తేదీలోపు ఎంత పడుతుందో అంతే పని పెట్టుకోండి.

ఆ తేదీ వాడేవాళ్ల పనిని బట్టి రావాలి. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వడ్లు ఏప్రిల్‌లో జోరుగా కల్లాలకొస్తాయి, వానాకాలం పంట అక్టోబరు, నవంబరుల్లో. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా ఏ ఆపరేటరూ కొత్త వెర్షన్ ఎక్కించుకోడు, ఎక్కించుకోకూడదు కూడా. అందుకే మాకు ఏడాదికి రెండే రిలీజులు, మార్చి 15న, సెప్టెంబరు 15న. మీది బడి హాజరు ప్రోగ్రాం అయితే జూన్‌లో బడి తెరిచేలోపు చేతికందాలి.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఈ పద్ధతి ఉంది. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ 2004 నుంచి ఏప్రిల్‌లో, అక్టోబరులో వస్తోంది. 24.04 అంటే 2024 ఏప్రిల్‌ది. 2006లో మాత్రం ఏప్రిల్ రిలీజ్ జూన్‌కు జరిగింది, అందుకే దాని సంఖ్య 6.06. అలాంటిదే అయిన డెబియన్‌ది వేరే దారి, సిద్ధమైనప్పుడే వదులుతారు. అంత పెద్ద సమూహం, అంత ఓపిక ఉన్నచోట అది నడుస్తుంది. నలుగురే ఉన్నచోట గడువు లేని పని ఎప్పటికీ తెమలదు.

ఇక తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. మార్చి 15 అనుకుంటే, జనవరి మొదట్లో కూర్చుని ఇష్యూలన్నీ (రాసి పెట్టిన తప్పులు, కోరికలు) చదివి, కావాల్సినవి ఒక మైల్‌స్టోన్ (ఈ రిలీజ్‌లో చేయాల్సిన పనుల పట్టీ) కిందికి తేవాలి. ప్రతి ఇష్యూ పక్కన చేసే మనిషి పేరుండాలి. పేరు లేనిది ఎంత మంచి ఆలోచనైనా ఈ రిలీజ్‌లో లేనట్టే. ఫిబ్రవరి 10కి ఫీచర్ ఫ్రీజ్, అంటే కొత్త సదుపాయాలు చేర్చడం ఆపేస్తాం. ఆ రోజు రిలీజ్ బ్రాంచ్ (ఈ రిలీజ్ కోసం కోడ్‌లోంచి విడదీసిన పాయ) తీస్తాం, అక్కడి నుంచి అందులోకి దిద్దుబాట్లు తప్ప ఇంకేమీ వెళ్లవు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌లో ఇదే క్రమశిక్షణ కనిపిస్తుంది. మొదటి రెండు వారాలే కొత్త కోడ్ కలుపుతారు, ఆ తర్వాత వారానికొక ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, పరీక్షకు వదిలే వెర్షన్) చొప్పున ఏడో ఎనిమిదో వచ్చేదాకా దిద్దుకుంటూ పోతారు.

ఫ్రీజ్ రోజు మనసులు నొచ్చుకుంటాయి. రాత్రులు కూర్చుని రాసిన పిల్లాడి ఫీచర్ ఆగిపోతే బాధే. మెసేజ్ పెట్టి వదిలేయకండి, ఫోన్ చేయండి. "తమ్మీ, నీ పని యాడికీ పోలే, వానాకాలం రిలీజ్‌ల ముందు కలిపేది నీదే" అని చెప్పి, అప్పుడే దాన్ని తర్వాతి మైల్‌స్టోన్‌లో పెట్టండి.

ఫీచర్లతో పాటు తెర మీది మాటలకూ ఫ్రీజ్ పెట్టండి. 'తరుగు' అన్న బటన్ పేరు చివరి వారంలో మారితే అనువాదం మారాలి, కేంద్రాల గోడకు అంటించిన సూచనల కాగితమూ మారాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఆర్‌సీ పరీక్షకివ్వండి. మీ కొత్త ల్యాప్‌టాప్ మీద నడిచినంత మాత్రాన సరిపోదు. కేంద్రంలో ఉండేలాంటి పాత కంప్యూటరు, పాత ప్రింటరు తెచ్చుకోండి. నెట్ తీసేయండి. చీటీ అచ్చవుతుండగా కరెంటు తీసి, మళ్లీ తెరిచి, చివరి తూకం ఉందో లేదో చూడండి. తేమ హద్దు 17 శాతం గనక 16.9, 17.0, 17.1 మూడూ కొట్టి చూడండి. సరిగ్గా హద్దు మీదున్న వడ్లను ప్రోగ్రాం తప్పుగా తిరగ్గొడితే ఆ రైతు కుప్ప ఇంకో పొద్దు ఎండలో ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఏ తప్పుకు రిలీజ్ ఆపాలో తప్పు దొరకకముందే రాసి పెట్టుకోండి. మా దగ్గర మూడున్నాయి: తూకం తప్పడం, డబ్బు లెక్క తప్పడం, రాసింది పోవడం. రైతు పేరు పొడుగై చీటీలో గీత దాటితే ఆపం, తర్వాత సరిచేస్తాం. నలభై కిలోల సంచులు వందలుగా కూడేటప్పుడు గ్రాములు ఎగిరిపోతే మాత్రం మార్చి 15 దాటినా సరే ఆపుతాం. తేదీ జరపాల్సింది ఆ మూడింటికే, అదీ కేంద్రాలకు ముందే కబురు పెట్టి.

వెర్షన్ సంఖ్యకు మూడంకెల పద్ధతి చాలు. తప్పులు దిద్దితే చివరి అంకె, పాతదాన్ని చెడగొట్టకుండా కొత్తది చేరిస్తే మధ్యది, పాత ఫైళ్లు తెరుచుకోని మార్పైతే మొదటిది పెరుగుతుంది. మొదటి అంకె మారేటప్పుడు పాత ఫైళ్లను కొత్త తీరులోకి మార్చే స్క్రిప్టు లేకుండా వదలకండి.

విడుదల రోజు కోడ్‌కు ట్యాగ్ (వెర్షన్ గుర్తు) వేసి, చెక్‌సమ్‌లు (దించుకున్న ఫైలు చెడలేదని సరిచూసే సంఖ్యలు) పెట్టి, నోట్స్ రాయండి. కమిట్ల (కోడ్‌లో చేసిన ఒక్కో మార్పు) జాబితా ఆపరేటరుకు అక్కరకు రాదు. ఏం మారింది, ఎక్కించే ముందు బ్యాకప్ ఎట్లా తీయాలి, చిక్కొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడూ తెలుగులో ఒక్క పేజీలో పట్టాలి.

కాంటాలు నడుస్తుండగా తప్పు బయటపడితే, దిద్దుబాటు ముందు మెయిన్ బ్రాంచ్‌లోకి (తర్వాతి రిలీజులన్నీ పుట్టే అసలు కోడ్) వెళ్లాలి, అక్కడి నుంచే రిలీజ్ బ్రాంచ్‌కు తేవాలి. తిరగేసి చేసి, మెయిన్‌లో కలపడం మరిచిపోతే సెప్టెంబరు రిలీజ్‌లో అదే తప్పు మళ్లీ కేంద్రానికి చేరుతుంది.