జువెనైల్ జస్టిస్ బోర్డులో సామాజిక సభ్యులుగా పనిచేయడం ఎలా

పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసినట్లు చెప్పే నేరం మీద ఒక పిల్లవాడినో అమ్మాయినో పోలీసులు తీసుకువచ్చినప్పుడు, ఆ కేసు మామూలు క్రిమినల్ కోర్టుకు కాక జిల్లాలోని జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. 2016 జనవరి 15న అమలులోకి వచ్చిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆ బోర్డులో ముగ్గురు కూర్చుంటారు: ఒకరు ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్, మిగిలిన ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఆ రెండు కుర్చీలూ గౌరవ పదవులనీ, మేజిస్ట్రేటు రాసిన ఉత్తర్వు కింద సంతకం పెట్టడమే వాటి పని అనీ చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. కొత్తగా నియమితులైన సభ్యులు కూడా మొదటి నెలలోనే ఆ అలవాటులో పడిపోవడం కద్దు. చట్టం మాత్రం మేజిస్ట్రేటు ఓటుకూ మీ ఓటుకూ ఒకే విలువ ఇచ్చింది. ఆ విలువను నిలబెట్టుకోవడం ఎలాగో ఇక్కడ చెప్పుకుందాం.

అర్హతల సంగతి క్లుప్తంగా చూద్దాం. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమం వంటి రంగాల్లో కనీసం ఏడేళ్లు చురుగ్గా పనిచేసినవారు గానీ, బాలల మనస్తత్వశాస్త్రం, మనోరోగ వైద్యం, సామాజిక శాస్త్రం, న్యాయశాస్త్రాల్లో ఒకదానిలో పట్టా ఉండి ఆ వృత్తిలో ఉన్నవారు గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 నాటి కేంద్ర నమూనా నియమావళి ప్రకారం వయసు 35 ఏళ్లకు తక్కువ ఉండకూడదు, పదవీకాలం మూడేళ్లు, హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఉండే కమిటీ ఎంపిక చేస్తుంది. పిల్లలను పనిలో పెట్టుకున్నవారు, బాలల హక్కులను ఉల్లంఘించిన చరిత్ర ఉన్నవారు అనర్హులు. దరఖాస్తు పెట్టేముందు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న సమయం గురించి. సరైన కారణం లేకుండా వరుసగా మూడు నెలలు రాకపోయినా, ఏడాది సమావేశాల్లో మూడు వంతులకన్నా తక్కువ హాజరైనా విచారణ జరిపి తొలగించవచ్చు. పూర్తికాలపు ఉద్యోగం చేసుకుంటూ వీలున్నప్పుడు వచ్చిపోదామనుకునేవారు ఈ పని జోలికి రాకపోవడమే మంచిది.

నియామకం జరిగిన 60 రోజుల్లోపు శిక్షణ ఇవ్వాలని చట్టం చెబుతోంది. శిక్షణ కోసం ఎదురుచూడకుండా చట్టంలోని 3వ సెక్షన్ నుంచి 26వ సెక్షన్ వరకు మీరే రెండుసార్లు చదవండి. న్యాయశాస్త్రం చదవనివారికీ అది కొరుకుడుపడని పాఠం ఏమీ కాదు.

మొదటి రోజు గదిని చూడండి. బోర్డు కోర్టు ఆవరణలో గానీ జైలు ఆవరణలో గానీ కూర్చోకూడదు, ఎత్తయిన వేదిక గానీ సాక్షి బోను గానీ ఉండకూడదు, పిల్లవాడు సభ్యుల ఎదురుగా కూర్చుని మాట్లాడేలా ఏర్పాటు ఉండాలి. అక్కడ పాత కోర్టు బల్ల కనిపిస్తే దాన్ని తీయించమని అడగడం మీ హక్కు మాత్రమే కాదు, మీ పని కూడా. అలాగే భాష: పెద్దవాళ్లు పిల్లలను 'ఒరేయ్' అనడం మన దగ్గర మామూలు విషయమే కావచ్చు గానీ, స్టేషను నుంచి వచ్చిన పిల్లవాడి చెవికి అది మరో పోలీసు గొంతులా వినిపిస్తుంది. పేరు పెట్టి పిలవండి. ఏజెన్సీ ప్రాంతం నుంచి కోయ మాట్లాడే పిల్లవాడు వచ్చినా, వలస వచ్చిన కుటుంబంలోని ఒడియా పిల్లవాడు వచ్చినా, తెలుగులో తలూపుతున్నాడు కదా అని సరిపెట్టుకోకుండా దుభాషిని పిలిపించండి. ఆ ఏర్పాటు చేయవలసిన బాధ్యత బోర్డుదే.

పిల్లవాడిని పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డు సమావేశం లేని వేళ ఒక్క సభ్యుని ముందైనా హాజరుపరచవచ్చు గనుక రాత్రిపూట మీ ఇంటి తలుపు తట్టే అవకాశం ఉందని కుటుంబానికి ముందే చెప్పి ఉంచండి. అప్పుడు మీరు మొదట అడగవలసింది నేరం గురించి కాదు. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు, అన్నం తిన్నావా, ఎవరైనా కొట్టారా, అమ్మానాన్నలకు కబురు వెళ్లిందా అని, పోలీసులను కాస్త దూరంగా నిలబెట్టి, పిల్లవాడినే అడగాలి. లాకప్‌లో ఉంచడం, బేడీలు వేయడం నిషిద్ధం. జవాబుల్లో అలాంటిది బయటపడితే ఆ మాటను అదే రోజు రికార్డులో రాయించండి, ఎందుకంటే మర్నాటికి పిల్లవాడు భయంతో మాట మార్చవచ్చు.

తర్వాత వయసు. నేరం జరిగిందని చెప్పే తేదీ నాటి వయసే లెక్క, పట్టుబడిన నాటిది కాదు. రుజువుకు చట్టం ఒక వరుస చెప్పింది: మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. మన ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు మేస్టారు తోచిన తేదీ వేసిన సందర్భాలు అందరికీ తెలిసినవే. అయినా కాగితం ఉండగా దాన్ని దాటి నేరుగా ఆసుపత్రికి పంపే తొందర వద్దు.

ఇక బెయిలు. సామాజిక సభ్యుల అవసరం అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. పెద్దల విషయంలో నేరం తీవ్రతను బట్టి బెయిలు ఆలోచిస్తారు. పిల్లల విషయంలో బెయిలు ఇవ్వడమే నియమం. పూచీకత్తుతో గానీ, అది లేకుండా గానీ, ప్రొబేషన్ అధికారి (పిల్లవాడి ఇంటి పరిస్థితులు విచారించి, అతన్ని కనిపెట్టుకుని ఉండే అధికారి) పర్యవేక్షణలో గానీ విడుదల చేయాలి. విడిచిపెడితే తెలిసిన నేరస్థుల సావాసంలో పడతాడనో, నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదంలో పడతాడనో, న్యాయ ప్రయోజనం దెబ్బతింటుందనో నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉంటేనే నిరాకరించాలి, ఆ కారణాలను రాయాలి. 'తండ్రి తాగుబోతు, ఇల్లు సరిగా లేదు' అనే వాక్యం కారణంగా కనిపించినప్పుడు ఆగి ఆలోచించండి. పేదరికం ప్రమాదం కాదు. అదే ఇంట్లో మేనమామో అమ్మమ్మో ఉన్నారేమో కనుక్కోమని ప్రొబేషన్ అధికారికి చెప్పండి. బెయిలు వచ్చినా షరతులు తీర్చలేక ఏడు రోజులు దాటితే ఆ పిల్లవాడిని మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించాలని చట్టంలోనే ఉంది. పూచీ ఇచ్చేవాళ్లు దొరక్క అబ్జర్వేషన్ హోంలోనే (విచారణ సాగుతుండగా పిల్లలను ఉంచే గృహం) ఉండిపోయిన పిల్లల జాబితాను ప్రతి సోమవారం అడిగి తెప్పించుకోవడం మంచి అలవాటు.

ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. దాన్ని చదవడంలో మీ ఏడేళ్ల అనుభవం పనికొస్తుంది. ఇంటికి వెళ్లి రాసిన నివేదికకూ, ఆఫీసులో కూర్చుని నింపిన ఫారానికీ తేడా మీకు రెండో పేజీలోనే తెలుస్తుంది. బడి ఎప్పుడు మానేశాడు అనే గడిలో తరగతి మాత్రమే ఉండి కారణం లేకపోతే, పొరుగువారి మాట అన్నచోట అన్ని నివేదికల్లోనూ ఒకే వాక్యం ఉంటే, వెనక్కి పంపండి. నివేదిక మీద మొహమాటపడితే తుది ఉత్తర్వు గాలిలో రాసినట్టే. విచారణ మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లో ముగియాలి, మరో రెండు నెలల వరకే పొడిగించవచ్చు. చిన్న నేరాల్లో అప్పటికీ ముగియకపోతే విచారణ రద్దయిపోతుంది.

పదహారు నిండిన పిల్లలపై హేయమైన నేరం (చట్టంలో కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న నేరం) ఆరోపణ వచ్చినప్పుడు బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, జరిగిన పరిస్థితులు చూసి, పెద్దవాడిగా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపాలా వద్దా అని తేల్చడం ఇందులోని పని. నేరం చేశాడా లేదా అన్నది ఈ దశలో ప్రశ్న కాదు. బోర్డు సభ్యుల్లో బాలల మనస్తత్వశాస్త్రంలో గానీ మనోరోగ వైద్యంలో గానీ పట్టా ఉన్న వృత్తి నిపుణులు లేనప్పుడు బయటి నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 జులైలో చెప్పింది. పత్రికల్లో, ఊళ్లో ఎంత గోల ఉన్నా ఈ ఉత్తర్వును తొందరపడి రాయకండి.

తుది ఉత్తర్వుల్లో మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్, గరిష్ఠంగా మూడేళ్ల పాటు ప్రత్యేక గృహంలో (తప్పు చేసినట్లు తేలిన పిల్లలను ఉంచి సంస్కరించే చోటు) ఉంచడం వంటివి ఉన్నాయి. సమాజ సేవ విధించేటప్పుడు ఎక్కడ, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అన్నది రాయండి. లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

ముగ్గురికీ అభిప్రాయం కుదరకపోతే మెజారిటీ మాటే నెగ్గుతుంది. అంటే ఇద్దరు సామాజిక సభ్యులు ఏకమైతే మేజిస్ట్రేటు అభిప్రాయాన్ని దాటి ఉత్తర్వు వస్తుంది. ఇద్దరే హాజరై చెరో మాట అన్నప్పుడు మాత్రం మేజిస్ట్రేటు మాట చెల్లుతుంది. అందుకే సహ సభ్యులు సెలవులో ఉన్న రోజు వివాదాస్పదమైన కేసు తుది ఉత్తర్వుకు వస్తే, ముగ్గురూ ఉన్న రోజుకు వాయిదా అడగడం తెలివైన పని. విభేదించినప్పుడు గొంతు పెంచనక్కరలేదు. కారణాలను అరపేజీలో రాసి రికార్డులో చేర్చమని కోరండి. అప్పీలులో ఆ అరపేజీని ఎవరో ఒకరు చదువుతారు.

నెలకొకసారైనా ఈ పిల్లలుండే గృహాలను తనిఖీ చేయాలి, పెద్దల జైళ్లలో పిల్లలెవరైనా ఉన్నారేమో కూడా చూడాలి. చెప్పి వెళ్తే ఉప్మాతో పాటు ఊడ్చిన గదులు కనిపిస్తాయి. భోజనం వేళకు ముందు, చెప్పకుండా వెళ్లండి.

చివరగా ఒక జాగ్రత్త. చిన్న పట్టణంలో మీ పదవి అందరికీ తెలుస్తుంది, 'మనవాడే, కాస్త చూడండి' అని ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్ సంగతిని మర్నాడు మిగతా ఇద్దరికీ చెప్పేయండి, మళ్లీ రావు. పిల్లల పేరు, బడి, ఊరు, ఫొటో బయటపెట్టడం నేరం, అది మీకూ వర్తిస్తుంది. అప్పీలు గడువు తీరాక, కొన్ని హేయమైన నేరాల్లో తప్ప, ఆ రికార్డులను ధ్వంసం చేయాలని చట్టం చెబుతోంది గనుక, మీరు సొంతంగా రాసుకునే నోటు పుస్తకంలో పేర్లు కాక కేసు నంబర్లే రాసుకోండి. పదవి దిగిన రోజున ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లకండి.