అమెరికాలో పొరుగింట మరణం సంభవించినప్పుడు భోజనం తీసుకువెళ్ళడం గురించి

మన ఊళ్ళలో ఒక ఇంట్లో మనిషి పోతే శవం లేచేదాకా ఆ ఇంట పొయ్యి వెలిగించరు. పిల్లలకూ ముసలివాళ్ళకూ పక్కింటివాళ్ళే కాఫీ కాచి తెస్తారు, దహనం ముగించుకుని స్నానాలు చేసి వచ్చినవారికి బంధువులెవరో వండి వడ్డిస్తారు, ఆ తరువాతి రోజుల్లో దగ్గరివాళ్ళు పూటకొకరు చొప్పున భోజనం చూసుకోవడం కూడా చాలా కుటుంబాల్లో ఉంది. కనుక అమెరికాలో ఒక ఇంట్లో ఎవరైనా పోయారని తెలియగానే వీధిలోని వాళ్ళు మూతపెట్టిన ట్రేలు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడడం చూసి మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. అయినప్పటికీ కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది ఆ సమయంలో తలుపు వేసుకుని లోపలే ఉండిపోతారు. మన వంట వాళ్ళు తింటారో తినరో అన్న సందేహం కొంత, పిలవని ఇంటికి వెళ్ళడమెలా అన్న మొహమాటం కొంత, ఆ వేళ ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో తెలియని బెరుకు కొంత వాళ్ళను ఆపేస్తాయి. ఈ మూడింటికీ సమాధానాలున్నాయి.

ముందుగా అక్కడ పనులు ఏ క్రమంలో జరుగుతాయో తెలిసి ఉండాలి. మన దగ్గరలాగా అదే రోజో మర్నాడో అంత్యక్రియలు పూర్తికావు. భౌతికకాయాన్ని అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యునెరల్ హోమ్ వారు తీసుకువెళతారు, వేరే రాష్ట్రాల నుంచి పిల్లలూ తోబుట్టువులూ రావాలి, చర్చికీ శ్మశానానికీ తేదీ కుదరాలి. ఇంతటికీ కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. ఒక సాయంత్రం విజిటేషన్ అనే పేరుతో కడసారి చూపుకు సమయం ఇస్తారు, మర్నాడో ఆపై రోజో ప్రార్థన, ఖననమో దహనమో జరుగుతాయి, ఆ వెంటనే చర్చి హాల్లోనో ఇంట్లోనో అందరికీ భోజనం ఉంటుంది. నల్లజాతి కుటుంబాలు దీన్ని రిపాస్ట్ అంటాయి. మిమ్మల్ని ఆ భోజనానికి రమ్మంటే వెళ్ళండి, కూర్చుని తినండి. చావు ఇంట చేయి కడగకూడదన్న మన పట్టింపు అక్కడ అవమానంగా కనబడే అవకాశం ఉంది.

మరణవార్త తెలిసిన రోజు నుంచి అంత్యక్రియల దాకా ఆ ఇంటికి వంటకాలు వెల్లువగా వచ్చిపడతాయి. ఫ్రిజ్‌లో చోటు చాలక గరాజ్‌లోని రెండో ఫ్రిజ్‌లో సర్దుతారు. ఆ తరువాత వచ్చినవాళ్ళు విమానాలెక్కి వెళ్ళిపోగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇంట్లో మనిషి పోతే సెలవు ఇచ్చి తీరాలన్న నియమం ఫెడరల్ చట్టంలో లేదు, కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. అందుచేత భర్తనో తల్లినో పోగొట్టుకున్న మనిషి కొద్ది రోజులకే ఉద్యోగానికి వెళ్ళి, సాయంత్రం ఇంటికి వచ్చి ఖాళీ పొయ్యి ముందు నిలబడవలసి వస్తుంది. ఆప్తులు కాని పొరుగువారు మొదటి వారంలో ఒక కార్డు రాసి ఇచ్చి, భోజనం మాత్రం రెండో వారంలోనో మూడో వారంలోనో తీసుకువెళ్ళడమే మేలని నా అభిప్రాయం. ఆలస్యమైందని ఎవరూ అనుకోరు.

అమెరికన్లు ఏం తీసుకువెళతారో చూస్తే మనం ఏం వండాలో అర్థమవుతుంది. అందరూ చెప్పే క్యాసరోల్ అంటే లోతైన పళ్ళెంలో కూరగాయలో నూడుల్సో మాంసమో పరిచి, చిక్కటి సూపు పోసి, పైన చీజ్ చల్లి ఓవెన్‌లో కాల్చిన వంటకం. క్యాంప్‌బెల్ కంపెనీ 1934లో పుట్టగొడుగుల క్రీమ్ సూపును డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టిన తరువాత ఈ వంట మరీ సులువైపోయింది. యూటా రాష్ట్రంలో మోర్మన్ అనే మతశాఖ కుటుంబాలు చేసే ఒక బంగాళదుంపల వంటకానికి ఏకంగా ఫ్యునెరల్ పొటాటోస్ అనే పేరు స్థిరపడింది. తురిమిన దుంపలు, చికెన్ క్రీమ్ సూపు, పుల్లటి క్రీమ్, చీజ్ కలిపి, పైన వెన్నలో తడిపిన కార్న్‌ఫ్లేక్స్ చల్లి కాలుస్తారు. 2002లో సాల్ట్ లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు ఆ వంటకం బొమ్మతో పిన్నులు కూడా అమ్మారు. మినెసోటా వైపు ఇదే తరహా వంటను హాట్‌డిష్ అంటారు. దక్షిణాది రాష్ట్రాల్లో కాల్చిన హ్యామ్, వేయించిన కోడి, పౌండ్ కేకు వస్తాయి. పెన్సిల్వేనియాలోని ఆమిష్, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖల కుటుంబాల్లో కిస్‌మిస్‌లతో చేసే ‘పై’ అనే తీపి వంటకం ఉంటుంది. శాకాహారులు ఒకటి గమనించాలి: దుంపలూ చీజూ మాత్రమే కనబడుతున్న ట్రేలో కూడా కోడి సూపు ఉండవచ్చు. వీటన్నింటికీ ఉమ్మడి గుణం ఒక్కటే. ముందురోజు చేసి ఉంచవచ్చు, ఒకే పళ్ళెంలో వేడిచేసుకోవచ్చు, పదిమందికి సరిపోతుంది, ఆకలి లేనివాడు కూడా రెండు చెంచాలు తినగలడు.

మన వంటల్లో ఈ గుణం ఉన్నవి తక్కువేమీ కాదు. కూరగాయల పులావు, గట్టిగా వండిన టమాటా పప్పు, అన్నం, మెత్తటి బంగాళదుంప కూర, చపాతీలు నిశ్చింతగా తీసుకువెళ్ళవచ్చు. కారం మాత్రం మీ పిల్లలు తినే పాటి కంటే కూడా తగ్గించాలి. గిన్నె దించాక ఒక చెంచాతో నెమ్మదిగా కెలికి కరివేపాకు, ఎండుమిరపకాయలు, లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క ముక్కలు ఏరి పారేయండి. వీటిని పక్కకు తీసిపెట్టి తినాలని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు కానీ, వాళ్ళు నోట్లో పెట్టుకుని కొరికేస్తారు. వేరుసెనగ పప్పు, జీడిపప్పు, నువ్వుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అమెరికాలో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా ప్రకటించవలసిన తొమ్మిది ప్రధాన అలెర్జీ పదార్థాల్లో ఈ మూడూ వస్తాయి, నువ్వులు ఆ జాబితాలోకి చేరింది 2023 జనవరి 1 నుంచి. పులిహోర చేతికి సులువుగా వస్తుంది కదా అని వేరుసెనగ పప్పు దట్టించి పంపడం అందుకే మంచిది కాదు. తీపి విషయంలో మాత్రం మన పట్టింపు అక్కడ లేదు. కేకులూ బిస్కెట్లూ ఆ ఇంటికి మామూలుగా వస్తూనే ఉంటాయి.

వంట మీద నమ్మకం లేకపోతే కొని తీసుకువెళ్ళడంలో తప్పు లేదు. కాల్చిన కోడి, సూపు, రొట్టె, కోసిన పళ్ళు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. చుట్టాలతో నిండిన ఇంటికి కాగితపు ప్లేట్లు, కాఫీ పొడి, టాయిలెట్ పేపర్ తీసుకువెళ్ళినవారిని ఆ ఇంటివాళ్ళు చాలాకాలం తలుచుకుంటారు.

మీ స్టీలు గిన్నెలో పెట్టి ఇవ్వకండి. దాన్ని కడిగి, ఎవరిదో గుర్తుపెట్టుకుని, తిరిగి ఇచ్చే భారం ఆ ఇంటివాళ్ళ మీద పడుతుంది. డాలర్ దుకాణాల్లో దొరికే అల్యూమినియం ట్రేలు ఇందుకే ఉన్నాయి. మూత మీద మాస్కింగ్ టేపు అంటించి, వంటకం పేరు, అందులో ఏమున్నాయి, మాంసం ఉందా లేదా, ఎంత వేడి మీద ఎంతసేపు ఉంచాలి, మీ పేరు, వండిన తేదీ రాయండి. పేరు ఎందుకంటే రెండు నెలల తరువాత వాళ్ళు కృతజ్ఞతా పత్రాలు రాసేటప్పుడు ఎవరు ఏం తెచ్చారో తెలియాలి. పాడయ్యే వంటకాన్ని 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య రెండు గంటలకు మించి, ఎండ 90 దాటితే గంటకు మించి బయట ఉంచకూడదని అక్కడి ప్రభుత్వం చెప్తుంది. కనుక ఇంట్లో ఎవరూ లేకపోతే ట్రేను గుమ్మం మీద అలా వదిలేసి రాకండి. కొన్ని ఇళ్ళవాళ్ళు ఇందుకోసమే వరండాలో ఐసు వేసిన కూలరు పెడతారు.

వెళ్ళే ముందు ఒక సందేశం పంపండి. ‘లెట్ మీ నో ఇఫ్ యూ నీడ్ ఎనీథింగ్’ అనే మాట అక్కడ అందరూ అంటారు, దానికి జవాబుగా ఎవరూ ఏమీ అడగరు. అలా కాకుండా, గురువారం సాయంత్రం ఆరింటికి నలుగురికి సరిపడే భోజనం తెస్తాను, ఎవరికైనా ఏదైనా పడదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు వస్తుంది. చర్చివాళ్ళో ఆఫీసువాళ్ళో మీల్ ట్రెయిన్ వంటి వెబ్‌సైట్‌లో తేదీలు పంచుకుని ఉంటే ఆ లింకు అడిగి, ఖాళీగా ఉన్న రోజు మీద మీ పేరు వేసుకోండి. ముందు రోజు లసాన్యా అనే పాస్తా వంటకం వచ్చిందని తెలిస్తే మీరు మళ్ళీ పాస్తా చేయరు. మరణ ప్రకటనలో పువ్వులకు బదులు ఫలానా సంస్థకు విరాళం ఇవ్వమని రాసి ఉంటే అది పువ్వుల గురించి మాత్రమే. భోజనానికి అది అడ్డు కాదు.

గుమ్మం దగ్గర చెప్పవలసింది ‘ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్’ అన్న ఒక్క వాక్యమే. పోయినవారిని మీరు ఎరిగి ఉంటే ఒక మంచి జ్ఞాపకం చెప్పవచ్చు. ఎలా పోయారు, ఏ ఆసుపత్రిలో ఉంచారు, వయసెంత, ముందే చూపించలేదా వంటి ప్రశ్నలు మన పరామర్శల్లో సహజంగా వస్తాయి గానీ, అక్కడ వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినడం వరకే పరిమితం కావాలి. ట్రే అందించి వచ్చేయడమే మర్యాద. లోపలికి రమ్మంటే పది నిమిషాలు కూర్చోండి. కాఫీ ఇస్తే పుచ్చుకోండి. ఇంటికి వచ్చి తలస్నానం చేయాలా వద్దా అన్నది మీ ఇంటి ఆనవాయితీ, దాన్ని వాళ్ళ గుమ్మంలో ప్రస్తావించనక్కర్లేదు.

మతాన్ని బట్టి కొన్ని తేడాలున్నాయి. యూదుల ఇంట్లో ఖననం తరువాత ఏడు రోజులు శివా అనే సంతాప దినాలు పాటిస్తారు. శ్మశానం నుంచి వచ్చాక తొలి భోజనం ఇరుగుపొరుగు పెట్టాలన్నది వారి సంప్రదాయం, అందులో గుడ్లూ కాయధాన్యాలూ ఉంటాయి. పువ్వులు మాత్రం తీసుకువెళ్ళకూడదు. కోషర్ అనే యూదుల ఆహార నియమాలు పాటించే ఇంటికి మన వంటింట్లో వండినది, పూర్తి శాకాహారమైనా, పనికిరాదు. కోషర్ ముద్ర ఉన్న మూసిన ప్యాకెట్లో, కోయని పళ్ళో, కోషర్ హోటల్ నుంచి తెప్పించినదో ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా పరామర్శకు వెళ్ళరు. ముస్లింల సంప్రదాయంలో ప్రవక్త బంధువైన జాఫర్ మరణవార్త వచ్చినప్పుడు ఆయన కుటుంబానికి వండి పెట్టమని ప్రవక్త చెప్పారని హదీసు ఉంది, దాన్ని అనుసరించి బంధువులూ పొరుగువారూ వండి తెస్తారు. హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే మన శాకాహార వంటే వారికి సురక్షితం.

ఇక మనవాళ్ళ ఇళ్ళ సంగతి. అమెరికాలోని మన ఇళ్ళకు మరణవార్త తరచుగా ఫోనులో వస్తుంది. తండ్రి విజయవాడలోనో కరీంనగర్‌లోనో పోతారు, వీసా చిక్కుల వల్ల కొడుకు వెళ్ళలేడు. మన ఊళ్ళో ఉదయం పదకొండింటికి పాడె లేస్తుంటే న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటి ఉంటుంది, ఆ కొడుకు సోఫాలో కూర్చుని అదంతా వీడియో కాల్‌లో చూస్తాడు. ఆ రాత్రి ఒక ఫ్లాస్కు కాఫీతో వెళ్ళి పక్కన కూర్చునేవాళ్ళు ఇద్దరు కావాలి. ఏ వంట తేవాలన్నది మర్నాటి మాట. మైల పాటింపు కులాన్ని, ప్రాంతాన్ని, ఇంటి పద్ధతిని బట్టి మారుతుంది కాబట్టి ఊహించకుండా ఆ ఇంటి పెద్దవాళ్ళనో భార్యనో అడగండి. కొన్ని ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి తినరు, కర్మ చేసే వ్యక్తి బయటి వంట ముట్టకపోవచ్చు. అటువంటప్పుడు పాలు, పెరుగు, పళ్ళు, కూరగాయలు, బియ్యం తెచ్చిపెట్టి, పిల్లలను మీ ఇంటికి తీసుకువెళ్ళి భోజనం పెట్టండి. మిఠాయి మాత్రం ఏ తెలుగు ఇంటికీ ఆ రోజుల్లో తీసుకువెళ్ళకండి.

ఆ దుఃఖం మీ ఇంటికే వచ్చి, పక్కింటి ఆవిడ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడితే వద్దనకండి. లోపల మాంసం ఉన్నా తీసుకుని థాంక్స్ చెప్పండి, తినే స్నేహితులకు అందించండి. మీరు శాకాహారులైతే, లేక కర్మ పూర్తయ్యేదాకా బయటి వంట తినకూడదనుకుంటే, ఆ సంగతి మొదటి రోజే ఒక స్నేహితుడికి చెప్పి, అడిగినవారందరికీ అతని నంబరు ఇవ్వండి. ఎవరు ఏం తెచ్చారో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. పెద్ద కర్మ ముగిసిన తరువాత, నెలయినా రెండు నెలలయినా, ఒక్కొక్కరికీ చేతిరాతతో రెండు వాక్యాల కార్డు పంపండి. అందులో వాళ్ళు తెచ్చిన వంటకం పేరు రాయడం అక్కడి పద్ధతి.