కైట్‌బోర్డింగ్ పాఠాలు – 4: గాలివాటం కనిపెట్టడం

పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారే ఆట కైట్‌బోర్డింగ్. పోయిన పాఠంలో విండ్ విండో (గాలిలో కైట్ ఎగరగల ప్రాంతం), పవర్ జోన్ (అందులో కైట్ గట్టిగా లాగే భాగం) చూశాం. ఈసారి కైట్ సంచి ఇంట్లోనే ఉండనివ్వండి. చేతిలో పట్టుకునే విండ్ మీటర్, ఒక నోటు పుస్తకం, గంట ఓపిక చాలు. కైట్ నడపడం ఎలాగూ శిక్షకుడి పక్కనే నేర్చుకోవాలి. గాలిని గమనించడం మాత్రం ఎవరికి వాళ్లు సాధన చేయాల్సిందే.

విజయవాడ వాళ్లు పున్నమి ఘాట్‌కు వెళ్లండి. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకు సీతానగరం ఒడ్డు దగ్గర. బ్యారేజీ, కరెంటు తీగలు, టూరిస్టు బోట్లు ఉన్న ఆ నీళ్లలో కైట్ ఎగరేసే ఆలోచన అసలు వద్దు. మనకు కావలసింది అక్కడి గాలి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు ఉండవల్లి కొండలు ఉండటంతో గాలి ఎలా విరుగుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది.

ముందు ఫోన్‌లో వాతావరణ సూచన చూసి గాలి అంకె రాసుకోండి. తర్వాత గాలి వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడండి. కొత్తవాళ్లు తాము వెళ్లబోయే నీళ్లనే చూస్తుంటారు. కానీ రాబోయే గాలి ఇంకా అవతల ఉంది, చూపు అటే ఉండాలి. నీటి మీద నల్లటి మచ్చలాంటి అలల గుంపు పాకుతూ వస్తే అదే గస్ట్, అంటే ఉన్నట్టుండి బలంగా వీచే గాలి. అది కనిపించిన క్షణం నుంచి మీ ముఖానికి తగిలేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. రేపు నీళ్లలో ఉన్నప్పుడు బార్ (కైట్‌ను నడిపే చేతికర్ర) వదలడానికి మీకు దొరికే సమయం అంతే.

మీటర్‌ను పది నిమిషాలు పట్టుకుని కనిష్ఠం, గరిష్ఠం రాయండి. సగటు కంటే ఈ రెండింటి మధ్య తేడాయే ముఖ్యం. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 12 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి 20 నాట్లకు ఎగిస్తే కైట్ లాగే బలం రెట్టింపు కూడా కాదు, దాదాపు మూడు రెట్లవుతుంది. 14 నుంచి 17 మధ్య ఆడే గాలి మంచిది. 8 నుంచి 20 దాకా ఎగిరిపడే గాలికి సగటు 14 వచ్చినా నేనైతే కైట్ విప్పను.

ఫోన్ అంకెకూ మీ మీటర్‌కూ పొంతన కుదరకపోతే ఆశ్చర్యపోకండి. వాతావరణాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే మోడళ్లు నేలను గడులుగా విడదీస్తాయి. పేరున్న యూరోపియన్ మోడల్ గడి కూడా సుమారు 9 కిలోమీటర్లు. ఇంద్రకీలాద్రి మొత్తం అందులో కలిసిపోతుంది. అడ్డు వెనుక గాలి దాని ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం వరకు చెదిరి ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. తీరాన పది మీటర్ల సరుగుడు చెట్లున్నా ఇదే లెక్క.

ఇక సూర్యలంక బీచ్. బాపట్ల దగ్గర తీరం సుమారుగా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. వేసవి మధ్యాహ్నం దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో వచ్చే సముద్రపు గాలి మిమ్మల్ని ఒడ్డు వైపే నెడుతుంది. తెల్లని నురగలు అక్కడక్కడా మొదలైతే 7 నుంచి 10 నాట్లు, తరచుగా కనిపిస్తే 11 నుంచి 16 అనుకోవచ్చు. జూన్, జూలైల్లో పడమటి గాలి ఎంత బలంగా ఉన్నా దిగకండి. అది నేల మీద నుంచి వచ్చి మనిషిని బంగాళాఖాతంలోకి తీసుకుపోతుంది. పైగా ఒడ్డు దగ్గర నీళ్లు నునుపుగా కనిపించి మోసం చేస్తాయి.

ఈ పాఠంలో మిగతాది మరిచిపోయినా ఏప్రిల్, మే సాయంత్రాల గాలివాన సంగతి మరిచిపోవద్దు. క్యుములోనింబస్ మేఘం (ఉరుములు, మెరుపులు తెచ్చే ఎత్తైన మేఘం) కింద కురిసే వానలో కొంత దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన ఆ గాలి నేలకు దిగి, బిందె బోర్లిస్తే పారిన నీళ్లలా నాలుగు వైపులా పరుచుకుంటుంది. దాని ముందంచు వాన కంటే కిలోమీటర్ల ముందే వచ్చేస్తుంది. మేఘం పడమర ఉంటే మొదట మన సముద్రపు గాలి సన్నగిల్లుతుంది, ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే కొందరు గాలి తగ్గిందని ఇంకా పెద్ద కైట్‌కు పంపు కొడతారు. నిమిషాల్లో దుమ్ముతో, తడిమట్టి వాసనతో చల్లటి ఈదురుగాలి ఎదురు దిక్కు నుంచి, అంటే నేల వైపు నుంచి, 30 నాట్లు దాటి విరుచుకుపడవచ్చు. ఆ సమయంలో గాల్లో కైట్ ఉండకూడదు.

అందుకే పడమర నల్లబడి, ఉన్న గాలి ఉన్నట్టుండి పడిపోతే అది కైట్ దించే సమయం. బయలుదేరే ముందు వాతావరణ శాఖ మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రాలు రెండు మూడు వరసగా చూసి మేఘం ఎటు కదులుతోందో పట్టుకోండి. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. కానీ ఉరుము వినబడితే దూరం లెక్కలు వేస్తూ కూర్చోవద్దు, ఒడ్డుకు వచ్చేయండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. కైట్‌ను బార్‌కు కలిపే లైన్లే (తాళ్లు) 20 మీటర్లకు పైగా ఉంటాయి. తడిసిన తాళ్లు పట్టుకుని పిడుగుల కింద నిలబడటం కంటే పెద్ద ప్రమాదం ఈ ఆటలో లేదు.

వారం పాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం రాయండి: దిక్కు, కనిష్ఠం, గరిష్ఠం, మేఘం, ఫోన్ చెప్పిన అంకె. పవిత్ర సంగమం వైపు వెళ్తే థర్మల్ స్టేషన్ చిమ్నీల పొగ కూడా చూడండి. పొద్దున పైన పొగ ఒరిగి పోతున్నా కింద ఆకు కదలదు. ఎండెక్కి నేల వేడెక్కాక పైగాలి కిందికి కలిసి, ఒడ్డున గాలి లేస్తుంది. అది ఏ గంటకు మొదలైందో రాసి ఉంచండి. అయిదో పాఠంలో ఆ పట్టికతోనే మీ బరువుకు ఏ గాలిలో ఏ సైజు కైట్ సరిపోతుందో లెక్క వేస్తాం.