పాత పాంటూన్ పడవకు ప్రొపెల్లర్ మార్చిన కథ

థ్రాటిల్ పూర్తిగా తెరిచినా మా 60 హార్స్‌పవర్ ఇంజన్ 4,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటేది కాదు. మాన్యువల్ ప్రకారం 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. స్పార్క్ ప్లగ్గులు మార్చాను, కార్బ్యురేటర్ శుభ్రం చేయించాను. డబ్బు దండగ!

పాంటూన్ పడవ అంటే గాలి నిండిన లోహపు గొట్టాల మీద తేలేది. దాన్ని ఒడ్డుకు లాగినప్పుడు ఒక గొట్టంలో నీళ్లు గలగలలాడాయి. సన్నని పగులు. నీరంతా తోడేసి, వెల్డింగ్ చేయిస్తే వంద ఆర్‌పీఎం పెరిగింది, అంతే. పాత పాంటూన్‌కు ముందు ఈ పరీక్ష చేయాలి. లేకపోతే లోపలి నీటి బరువుకు తగ్గ ప్రొపెల్లర్ కొంటాం.

తర్వాత ప్రొపెల్లర్ బొడ్డు మీది అంకెలు చూశాను. పిచ్ 14 అంగుళాలు. అంటే జారుడు లేకుండా ఒక చుట్టుకు 14 అంగుళాలు ముందుకు పోవాలన్నమాట. తేలికపాటి వేగపు పడవకు సరే, ఎనిమిది మందిని మోసే దీనికి అది టాప్ గేరులో కొండ ఎక్కడమే. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. అందుకే 11 అంగుళాలది తీసుకున్నాను. మూడు రెక్కలు, అల్యూమినియం. స్టీలు గట్టిదే, కానీ రాయి తగిలితే ఆ దెబ్బ గేర్ల దాకా పోవచ్చు.

బిగించేటప్పుడు థ్రస్ట్ వాషర్ (ప్రొపెల్లర్ తోపుడును ఇరుసుకు అందించే లోహపు వలయం) పాత ప్రొపెల్లర్‌కే అతుక్కుని ఉండిపోయింది, కొత్తదాన్ని మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు నిండు బరువుతో 5,300. గరిష్ఠ వేగం పెద్దగా మారలేదు, కానీ పడవ చప్పున కదులుతోంది.