మూత బిగుసుకుపోయిన లిక్యూర్ సీసా

లిక్యూర్ (చక్కెర కలిపిన తీపి మద్యం) సీసా మూత తిరగకపోతే బలం పెట్టకండి. వంచినప్పుడు మర మీదికి కారిన చక్కెర పాకం ఎండి పట్టేస్తుంది, మొండిగా తిప్పితే లోహపు మూత నలిగిపోతుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను మూతకి చుట్టి 2, 3 నిమిషాలు ఉంచాను, తేలిగ్గా వచ్చేసింది. మర సందుల్లోని గట్టి పెచ్చుల్ని తడిగుడ్డతో తీసి, బాగా ఆరాక మూత పెట్టాను. వంచిన ప్రతిసారీ సీసా మూతి తుడిస్తే మళ్లీ పట్టదు.

కార్కు బిరడా ఉన్న విస్కీని మాత్రం నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే 40 శాతం ఆల్కహాల్‌లో నానిన కార్కు పొడిపొడిగా రాలుతుంది. వెర్మూత్ వైన్ జాతిది, తెరిచాక ఫ్రిజ్‌లోనే పెట్టి, నెలా రెండు నెలల్లో వాడేయండి.