రాసింది కవితేనా? తేల్చుకోవడం, తోటి కవులను వెతుక్కోవడం

పద్యానికి కొలత ఉంది. వేమన పద్యపాదం ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ చూడండి. పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు; వీటి చిన్న గుంపే గణం. ఉప్పు, కప్పు, రంబు మూడూ సూర్యగణాలనే పొట్టి గణాలు. నొక్కపో, లికనుండు రెండూ ఇంద్రగణాలనే కాస్త పొడవైన గణాలు. ఆటవెలది అనే పద్యంలో 1, 3 పాదాల లెక్క ఇదే. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం యతి. ‘నొక్క’ను విడదీస్తే వచ్చే ‘ఒ’, పాదం మొదటి ‘ఉ’తో యతి కలుస్తుంది. రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో ఐదూ సూర్యగణాలే. అక్కడ చూ, జా కలవవు. వాటి బదులు చూడ, జాడల్లోని రెండో అక్షరం ‘డ’ను కలిపి ప్రాసయతి వేశారు. కొత్తవారు తప్పేది ఎక్కువగా గురువుల దగ్గరే. ఒత్తక్షరానికి ముందున్న ‘ఉ’ గురువు, సున్నా ఉన్న ‘రం’ కూడా గురువే.

అయితే గణాలు కుదిరితే పద్యమవుతుంది, కవిత్వమే అవ్వాలని లేదు. పావులూరి మల్లన లెక్కల పుస్తకాన్నే పద్యాల్లో రాశాడు.

వచన కవితకు ఈ కొలత లేదు కాబట్టి పరీక్ష మీరే పెట్టుకోవాలి. పాదాలన్నీ కలిపి ఒకే పేరాగా రాసి పైకి చదవండి. ఏమీ పోలేదనిపిస్తే అది విరగ్గొట్టిన వచనం. తర్వాత చివరి రెండు పాదాలు కొట్టేసి చూడండి. పైన చూపించినదాన్నే అక్కడ మళ్లీ విడమరిచి చెప్పడం చాలామందికి అలవాటు. తీసేస్తే కవిత బాగుపడుతుంది. ‘లాంటి’, ‘వలె’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. పది పాదాల్లో నాలుగు పోలికలుంటే ఏదీ మనసులో నిలవదు. మూడు చుక్కలు పెట్టి వదిలేసిన చోటల్లా అసలు మాట దొరకలేదని అర్థం. నానీ అనే చిట్టి కవితకు నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు అన్న హద్దుంది. కోత నేర్చుకోవడానికి మంచి సాధన.

ఇక మనుషులు. ముందు శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు, దినపత్రికల సాహిత్య పేజీలో సభల సమాచారం చూడండి. దగ్గర్లోని కాలేజీ తెలుగు అధ్యాపకులను అడగండి. హైదరాబాద్‌లో అయితే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అబిడ్స్ దగ్గర తెలంగాణ సారస్వత పరిషత్తు సభలు జరిగే చోట్లు. అమెరికాలోని డల్లాస్‌లో అక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వారి ‘నెల నెలా తెలుగు వెన్నెల’ ఉంది. పద్యం మీద మనసుంటే, అడిగినదానికి అప్పటికప్పుడు పద్యం చెప్పే అవధానాలకు వెళ్లండి; ఇచ్చిన పాదాన్ని పద్యంగా పూర్తిచేసే సమస్యాపూరణ వింటుంటే ఛందస్సు చెవికి పడుతుంది. అరసం (అభ్యుదయ రచయితల సంఘం), విరసం (విప్లవ రచయితల సంఘం) వంటి సంఘాలకు తమ తమ భావజాలం ఉంటుంది, తెలుసుకుని వెళ్లండి.

ఉగాది కవి సమ్మేళనంలో చదివితే చప్పట్లు, శాలువా దొరుకుతాయి, విమర్శ దొరకదు. సంకలనానికి డబ్బు కట్టమనే, వారానికో ప్రశంసాపత్రం పంచే సమూహాలకు దూరంగా ఉండడం మంచిది. మంచి సమూహంలో ‘ఈ పాదం ఎందుకు?’ అని అడిగేవారు కనీసం ఒకరైనా ఉంటారు. మొదటి రెండు సమావేశాలకు ఊరికే వెళ్లి వినండి. మూడోసారి ఒకే కవిత, రెండు నిమిషాల్లో ముగిసేది పట్టుకెళ్లండి.

ఏదీ దొరక్కపోతే నలుగురితో మీరే మొదలుపెట్టండి. కవితల ప్రతులు రెండు రోజుల ముందే అందరికీ పంపాలి. ఒక్కో కవితకు పదిహేను నిమిషాలు. మొదట కవితను, రాసినవారు కాక వేరొకరు పైకి చదవాలి. నాలుక ఎక్కడ తడబడుతుందో అప్పుడు తెలుస్తుంది. మిగతావాళ్లు మాట్లాడుతున్నంతసేపు రాసినవారు నోరు విప్పకూడదు. ఈ ఒక్క నియమం సడలిస్తే సమావేశమంతా సంజాయిషీలతోనే గడిచిపోతుంది.